నొప్పి లేని తిత్తి: నా కింది దవడకు జరిగిన వైద్యం

2023 జూన్‌లో బడులు తెరిచిన కొన్నాళ్లకు నా నోట్లో కుడివైపు చివరి దంతం వెనక నుంచి ఉప్పగా ఉండే ద్రవం కొద్దికొద్దిగా ఊరుతున్నట్టు అనిపించింది. పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఆ రుచి స్పష్టంగా తెలిసేది, తరువాత రోజంతా దాని జాడే ఉండేది కాదు. నొప్పి లేదు, బుగ్గ వాచలేదు, జ్వరం లేదు, కాల్చిన మక్కకంకిని కూడా ఆ పక్కతోనే కొరికి తింటున్నాను. అక్కడ జ్ఞానదంతం సగం పైకి వచ్చి ఆగిపోయిందన్న సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు కనుక, దాని చుట్టూ చిగురు పాడైందేమో అనుకున్నాం. “ఏం గాదు బిడ్డా, ఆ పన్ను పీకేస్తే అయిపోతది” అని మా అత్తమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

హనుమకొండలో మా ఇంటికి దగ్గరగా ఉన్న దంతవైద్యశాలలో చిన్న ఎక్స్‌రే ఒకటి తీశారు. రెండు మూడు పళ్లు మాత్రమే పట్టే ఫిల్ము అది. అందులో చివరి నుంచి రెండో పన్ను వేళ్ల కింద నల్లటి నీడ కనిపించింది, కానీ ఆ నీడ ఫిల్ము అంచు దాకా వచ్చి అక్కడ తెగిపోయింది కనుక అది ఎంత దూరం పోయిందో తెలిసే వీలు లేదు. అక్కడి డాక్టరు ఆ పంటికి రూట్ కెనాల్ చేసి, జ్ఞానదంతం తీసేస్తే సరిపోతుందని, రెండింటికీ కలిపి పన్నెండు వేలు అవుతుందని చెప్పి తరువాతి వారానికి టైమిచ్చారు.

ఆ వారంలోనే మా బడిలో లెక్కలు చెప్పే సార్ తమ్ముడి దగ్గరికి వెళ్లడం నాకు కలిసొచ్చింది. ఆయనా దంతవైద్యుడే. దూదికి చల్లటి స్ప్రే కొట్టి ఆ పంటికి ఆనించగానే నాకు జివ్వుమన్నది. పక్క పంటికి పెట్టినా అంతే. “పన్ను బతికే ఉందక్కా. లోపల నరం చచ్చిపోయిన పన్ను వల్ల తిత్తి వస్తే ఆ పంటికి చల్లదనం తెలియదు. ఇది వేరే ఏదో. రూట్ కెనాల్ సంగతి పక్కన పెట్టి ముందు ఓపీజీ తీయించండి” అన్నాడు. పది రూపాయల దూది, స్ప్రేలతో చేసిన ఆ పరీక్షే నా వైద్యం దారిని మార్చిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఓపీజీ అంటే రెండు దవడలూ, పళ్లన్నీ ఒకే ఫిల్ములో వచ్చే ఎక్స్‌రే. చౌరస్తా దగ్గర స్కానింగ్ సెంటర్లో 500 రూపాయలు తీసుకున్నారు. కమ్మలు, మెడలోని గొలుసు, పుస్తెలతాడు, జడలోని పిన్నులు అన్నీ తీసి పర్సులో పెట్టుకోమన్నారు. గడ్డం ఒక బల్ల మీద ఆనించి, ముందు పళ్ల మధ్య ప్లాస్టిక్ పుల్ల కొరికి కదలకుండా నిలబడితే యంత్రం తల చుట్టూ ఒకసారి తిరిగింది, అంతే. ఫిల్మును కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే చదువు రాని వాళ్లకైనా తేడా తెలుస్తుంది. ఎడమవైపు దవడ ఎముక తెల్లగా, జాలీ అల్లికతో ఉంది. కుడివైపు రెండో దవడపంటి దగ్గర మొదలైన నల్లటి ఖాళీ, అడ్డంగా పడుకుని ఉన్న జ్ఞానదంతాన్ని దాటి, చెవి కిందికి నిలువుగా ఎక్కే ఎముకలో చాలా పైదాకా పోయింది. అంచు వెంట సన్నటి తెల్లని గీత, అక్కడక్కడ లోపలికి వంపులు. ఇంత ఎముక మాయమైతే నాకు ఎందుకు నొప్పి లేదన్నదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది. ఆ రాత్రి అద్దంలో నోరు తెరిచి, మూసి, రెండు బుగ్గలనూ పక్కపక్కన తడిమి చూసుకున్నాను, ఎక్కడా ఎత్తుపల్లాల తేడా లేదు.

దీనికి జవాబు తరువాత సర్జన్ దగ్గర దొరికింది. ఆయన హైదరాబాద్ నుంచి ఆదివారాలు హనుమకొండకు వచ్చి చూసే మాక్సిలోఫేషియల్ సర్జన్, అంటే ముఖం, దవడల ఎముకల ఆపరేషన్లు చేసే డాక్టరు. ఓపీజీ చూసి, సీబీసీటీ అనే దవడ స్కాన్ కూడా తీయించుకురమ్మన్నారు. దానికి కింది దవడ వరకే అయితే 2,500 అయింది. ఓపీజీలో చదునుగా కనిపించిన ఖాళీ సీబీసీటీలో మూడు వైపుల నుంచి తెలుస్తుంది: పొడవు దాదాపు ఐదు సెంటీమీటర్లు, నాలుక వైపు ఎముక గోడ ఒకచోట కాగితంలా పలుచబడి, ఇంకొకచోట అసలే లేకుండా పోయింది, కింది పెదవికి స్పర్శ ఇచ్చే నరం పోయే కాలువ కిందికి నెట్టుకుపోయింది. కొన్ని తిత్తులు బంతిలా అన్ని వైపులా ఉబ్బుతాయని, కొన్ని మాత్రం ఎముక లోపలి మెత్తటి భాగం వెంట పొడుగ్గా పాకుతూ పోతాయని, బయటి గోడలను నెట్టవు కనుక వాపు కనబడేసరికి చాలా ఆలస్యం అవుతుందని ఆయన చెప్పారు. నాది ఆ రెండో రకంగా కనిపిస్తున్నదని, అయినా చూసి చెప్పడం వేరు, తేల్చి చెప్పడం వేరు అని కూడా అన్నారు.

ఆయన కాగితం మీద మూడు పేర్లు రాసి నా ముందు పెట్టారు. మొదటిది డెంటిజెరస్ సిస్ట్, అంటే బయటికి రాని పంటి చుట్టూ పుట్టే తిత్తి, దీన్ని పంటితో సహా తీసేస్తే సాధారణంగా మళ్లీ రాదు. రెండోది ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్, దీన్ని ఓకేసీ అంటారు, ఊరికే గీకి తీసేస్తే దాదాపు నలుగురిలో ఒకరికి తిరిగి వచ్చే రకం. మూడోది అమిలోబ్లాస్టోమా, ఇది తిత్తి కాదు, గడ్డ, చాలావరకు చుట్టూ ఉన్న ఎముకతో కలిపి కోసి తీయవలసి వస్తుంది. మూడూ ఎక్స్‌రేలో ఒకదానిలా ఇంకొకటి కనిపించగలవు, మూడింటికీ ఆపరేషన్ వేరువేరు. అందుకే బయాప్సీ, అంటే ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్షించడం, లేకుండా పెద్ద ఆపరేషన్‌కు చెయ్యి పెట్టనని ఆయన స్పష్టంగా చెప్పినప్పుడు, పన్నెండు వేల రూట్ కెనాల్ గుర్తుకొచ్చి నాకు ఒళ్లు చల్లబడ్డది.

ఆగస్టు రెండో వారంలో ఒక ఆదివారం అదే క్లినిక్కులో బయాప్సీ చేశారు. ముందు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లావు సూదితో తిత్తిలోంచి పీల్చి చూశారు. సిరంజి లోపలి కాడ వెనక్కి రావడానికి మొరాయించింది, చాలాసేపటికి తెల్లగా, కొంచెం పచ్చ కలిసి, ఎండిన మీగడలాంటి పదార్థం కొద్దిగా వచ్చింది. అది చూడగానే డాక్టరు, పక్కన ఉన్న నర్సు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రక్తం వచ్చి ఉంటే లోపల రక్తనాళాల గడ్డ ఉందేమోనని అక్కడే ఆపేసేవాళ్లమని, అందుకే కోయడానికి ముందు సూదితో చూడడం తప్పనిసరని తరువాత చెప్పారు. ఆపైన జ్ఞానదంతం వెనక చిగురు కోసి, పలుచబడిన ఎముకలో చిన్న కిటికీ చేసి, తిత్తి గోడలోంచి ముక్క తీసి, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేశారు. మత్తు వల్ల నొప్పి తెలియలేదు గానీ ఎముకను తాకే చప్పుడు తలలో మోగుతుంటే కళ్లు మూసుకుని ఎక్కాలు చదువుకున్నాను.

నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ సీసాను ల్యాబ్‌కు చేర్చే పని మనదే. మూత గట్టిగా బిగించి, మీద పేరు, తేదీ, ఏ వైపు దవడ అన్నది రాసి, డాక్టరు చీటీతో పాటు మా ఆయన చేతికిచ్చారు. మా ఆయన దాన్ని హైదరాబాద్‌లోని నోటి వ్యాధుల పాథాలజీ ల్యాబ్‌కు తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. ఎక్స్‌రే ఫోటో కూడా చీటీకి జతచేయమని డాక్టరు పట్టుబట్టారు. కణజాలం ఒక్కటే చూసే పాథాలజిస్టు కంటే, ఎక్స్‌రేతో కలిపి చూసే పాథాలజిస్టు చెప్పేదే నమ్మదగినదని ఆయన అభిప్రాయం. ల్యాబ్ ఫీజు 1,400. వారంలో వస్తుందన్న రిపోర్టుకు, నడుమ పంద్రాగస్టు సెలవు, ఎముక ముక్కలు కలిసి ఉన్నందున వాటిని మెత్తబరచడానికి పట్టే సమయం అన్నీ కలిసి రెండు వారాలు దాటింది.

ఆ రెండు వారాలూ బడిలో పాఠం చెప్తూనే ఉన్నాను గానీ, మనసు మాత్రం ఆ మూడో పేరు దగ్గరే ఆగిపోయింది. దవడ కోసేస్తారా, ముఖం ఎట్లా అవుతుంది, బోర్డు ముందు నిలబడి మాట్లాడగలనా అని రాత్రుళ్లు లెక్కలు వేసేదాన్ని. ఇంట్లో ఎవరితోనూ ఆ మాట అనలేదు. మా ఆయన కూడా అదే పేరును ఫోన్లో వెతుకుతున్నాడని తరువాత తెలిసింది.

రిపోర్టు ఓకేసీ అని వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది కణాల మందం ఉన్న పొర, అడుగు వరుస కణాలు కంచె కర్రల్లా వరుసగా నిలబడి ఉన్నాయి, పైన కెరటిన్ పొర ముడతలు పడి ఉంది, గోడలో చిన్న చిన్న పిల్ల తిత్తులు ఉన్నాయి అని అందులో రాశారు. అయితే అదే కాగితం చివర, పాత పేరు అన్నట్టుగా “కెరటోసిస్టిక్ ఓడోంటోజెనిక్ ట్యూమర్” అని ఇంకో వరుస కూడా ఉంది. ట్యూమర్ అన్న మాట చూసి మా మరిది వెంటనే క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకుపోదామని బండి తీశాడు. సర్జన్‌కు ఫోన్ చేస్తే ఆయన ఓపికగా చెప్పారు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని ట్యూమర్ల జాబితాలో చేర్చిందని, 2017లో మళ్లీ తిత్తుల జాబితాకే మార్చిందని, నడుమ పన్నెండేళ్లలో చదువుకున్న వాళ్లు ఇప్పటికీ రెండు పేర్లూ రాస్తుంటారని. పేరు ఏదైనా ఇది క్యాన్సర్ కాదు, అలాగని వదిలేసేదీ కాదు. ఈ రిపోర్టు చేతికి అందిన ఎవరైనా ఆ రెండో వరుస చదివి బెదిరిపోవద్దని ఇంత వివరంగా రాస్తున్నాను.

తరువాత నా అరచేతులు, అరికాళ్లు వెలుతురులో చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీయించారు, ఇంట్లో ఇంకెవరికైనా దవడ తిత్తులు, చర్మం మీద చిన్నప్పటి నుంచి గడ్డలు ఉన్నాయా అని అడిగారు. దవడ తిత్తికి పక్కటెముకలు ఎందుకు అని ఆశ్చర్యం వేసింది. ఇలాంటి తిత్తులు ఒకటికి మించి వచ్చేవాళ్లలో కొందరికి గార్లిన్-గోల్ట్జ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉంటుందట. అందులో పక్కటెముక చీలి రెండుగా ఉండడం, అరచేతిలో సూది గుచ్చినట్టు గుంటలు ఉండడం, చర్మ క్యాన్సర్లు రావడం జరుగుతుందట. నాకు తిత్తి ఒకటే, పక్కటెముకలు మామూలుగానే ఉన్నాయి. మా అమ్మాయికి కూడా ఒకసారి ఓపీజీ తీయిస్తే ఏమీ లేదని వచ్చాకే నాకు నిద్ర పట్టింది.

ఇప్పుడేం చేయాలన్న దానికి మూడు దారులు చెప్పారు. తిత్తిని పూర్తిగా తీసి, చుట్టూ ఎముకను యంత్రంతో ఒకటి రెండు మిల్లీమీటర్లు అరగదీసి, మిగిలిన కణాలు చచ్చేలా మందు పూయడం ఒకటి. ఆ భాగం దవడనే కోసి తీసి ప్లేటు వేయడం ఇంకొకటి, దీనివల్ల తిరిగి రావడం దాదాపు ఉండదు గానీ పోగొట్టుకునేది ఎక్కువ. మూడోది, ముందు తిత్తికి కిటికీ పెట్టి, గొట్టం అమర్చి, లోపలి ఒత్తిడి తగ్గిస్తే, కొన్ని నెలల్లో తిత్తి దానంతట అదే కుంచించుకుపోయి చుట్టూ ఎముక పెరుగుతుంది, అప్పుడు చిన్నదైన దాన్ని తీయడం. నా దవడ గోడలు పలుచబడి ఉన్నందున, నరం కూడా తిత్తిని ఆనుకుని ఉన్నందున, వెంటనే తీస్తే దవడ విరగవచ్చు, పెదవి శాశ్వతంగా మొద్దుబారవచ్చు అని మూడో దారి సూచించారు. కానీ గొట్టాన్ని రోజుకు రెండుమూడుసార్లు మీరే కడుక్కోవాలి, కడగలేని వాళ్లకు ఈ దారి చెప్పను అని ముందే షరతు పెట్టారు.

వినాయక చవితి అయిన మరుసటి వారం, సెప్టెంబరు చివరలో గొట్టం పెట్టారు. బయాప్సీ చేసిన చోటే కిటికీని పెద్దది చేసి, రెండు సెంటీమీటర్ల పొడవున్న మెత్తటి సన్న గొట్టాన్ని పక్క పంటికి తీగతో కట్టారు. పద్దెనిమిది వేలు అయింది. మూడు రోజులు బుగ్గ వాచి, నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుంది, తరువాత సర్దుకుంది.

కడగడం గురించి ఎవరూ ముందు సరిగా చెప్పరు కనుక కొంచెం ఎక్కువ రాస్తాను. మెడికల్ షాపులో అరలీటరు సెలైన్ సీసా అప్పట్లో ముప్పై నలభై రూపాయలకు దొరికేది. ఇరవై మిల్లీలీటర్ల సిరంజికి మొన తీసేసి వంచిన సూది క్లినిక్కులోనే ఇచ్చారు. అద్దం ముందు నిలబడి, ఎడమ చేత్తో బుగ్గను బయటికి లాగి, కుడి చేత్తో సూదిని గొట్టం నోట్లో పెట్టి నెమ్మదిగా వత్తాలి. మొదటి సిరంజి నీళ్లు తెల్లటి పలుకులతో, దుర్వాసనతో వచ్చేవి. మూడోది నాలుగోది తేటగా వచ్చేదాకా కడగాలి. మొదటివారం నాకు ప్రతిసారీ వాంతి వచ్చేది. వేడిచేయని చల్లటి సెలైన్ లోపలికి పోతే చెవిలోపల ఎక్కడో గుచ్చినట్టు నొప్పి వస్తుందని, సీసాను కాసేపు గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెడితే ఆ బాధ ఉండదని నేనే కనుక్కున్నాను. అన్నం మెతుకులకన్నా జామపండు గింజలు, నువ్వులు ఎక్కువ ఇబ్బంది పెట్టేవి, అవి గొట్టంలో ఇరుక్కుంటే తీయడం కష్టం. బడిలో మధ్యాహ్నం భోజనమయ్యాక స్టాఫ్ రూం వెనక నల్లా దగ్గర కడుక్కునేదాన్ని. ఆరో తరగతి పిల్లలు చూసి “మేడం నోట్లో సూది వేసుకుంటున్నరు” అని బడంతా చెప్పారు, ఆ తరువాత ఒక వారం వాళ్లు నా క్లాసులో కిక్కురుమనలేదు.

నవంబరు 30న శాసనసభ ఎన్నికలు. నాకు పోలింగ్ డ్యూటీ పడింది. మెడికల్ సర్టిఫికెట్ పెట్టి మినహాయింపు అడిగితే, నడవగలుగుతున్నారు, మాట్లాడగలుగుతున్నారు, మరి ఇబ్బందేమిటని కాగితం వెనక్కి వచ్చింది. నొప్పి లేని, వాపు లేని జబ్బు ఎవరికీ జబ్బులా కనిపించదు. 29న సామగ్రి తీసుకుని బస్సులో పోలింగ్ కేంద్రానికి చేరేటప్పుడు ఈవీఎం పెట్టెల పక్కన నా సంచిలో సెలైన్ సీసా, సిరంజి, చిన్న అద్దం ఉన్నాయి. ఆ రాత్రి మేం పడుకున్న తరగతి గదిలో బల్బు వెలుతురు చాలక, నాతో వచ్చిన అంగన్‌వాడీ టీచరు సెల్‌ఫోన్ టార్చి పట్టుకుంటే కడుక్కున్నాను. ఆమె ముఖం తిప్పుకోకుండా, “ఇంకొంచెం పైకి మేడం, ఆఁ, పోయింది” అని దారి చూపించడం నాకు ఎప్పటికీ గుర్తుంటుంది.

సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు పోశారు. నేను వాటిని చాయ్‌లో నానబెట్టుకుని ఎడమ పక్కతో తిన్నాను. జనవరి చివర తీసిన ఓపీజీలో నల్లటి ఖాళీ పై అంచు ఒక వేలు మందం కిందికి దిగింది, దాని స్థానంలో బూడిదరంగు ఎముక నీడ కనిపించింది. అప్పటిదాకా కడుగుడు పని నాకు ఒక శిక్షలా ఉండేది. ఆ ఫిల్ము చూశాక ఒక్క పూట కూడా తప్పించాలనిపించలేదు. తిత్తి తగ్గేకొద్దీ గొట్టం పొడవెక్కువై నాలుకకు గీసుకునేది, రెండుసార్లు కత్తిరించి పొట్టిది చేశారు.

పెద్ద ఆపరేషన్‌ను వేసవి సెలవుల్లో పెట్టుకున్నాం. ఏప్రిల్ 24 నుంచి సెలవులు, మే 13న లోక్‌సభ ఎన్నికలు. ఈసారి హైదరాబాద్ ఆస్పత్రి అడ్మిషన్ కాగితం జతచేస్తే డ్యూటీ నుంచి మినహాయింపు ఇచ్చారు. ఏప్రిల్ నెలాఖరుకు కాజీపేటలో రైలెక్కి వెళ్లి చేరాను. పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు శ్వాస గొట్టాన్ని నోట్లోంచి కాక ముక్కులోంచి వేస్తారని అప్పుడే తెలిసింది, నోరు ఆపరేషన్‌కు ఖాళీగా ఉండాలి కదా. మెలకువ వచ్చాక దవడకన్నా ముందు నాకు ముక్కు, గొంతు మండాయి. తిత్తిని గోడతో సహా తీసి, జ్ఞానదంతాన్నీ, వేళ్లు తిత్తిలోకి దిగిన రెండో పన్నునూ తీసేశారు. చుట్టూ ఎముకను అరగదీసి, నరానికి దూరంగా ఉన్న భాగంలో మాత్రం, మిగిలిన కణాలను చంపే కార్నాయ్స్ మందు కొన్ని నిమిషాలు పూసి కడిగేశారు. నరం మీద ఆ మందు పడితే స్పర్శ పోతుందని అంత జాగ్రత్త.

ఖాళీని కుట్టేయకుండా, పసుపు రంగు మందు దట్టించిన గాజుగుడ్డ నింపి వదిలేశారు. ఆ మందు వాసన, రుచి ఎంత ఘాటుగా ఉంటుందంటే, వారం రోజులు మంచినీళ్లు కూడా ఆస్పత్రి వాసనే వచ్చాయి. గుడ్డను ఒకేసారి తీయలేదు, వారానికోసారి కొంత కొంత లాగి కత్తిరించారు. తీసేటప్పుడు మూర పొడవున వస్తూనే ఉంటుంది, ఇంత గుడ్డ నా దవడలో పట్టిందా అని కళ్లు తిరిగాయి.

ఆపరేషన్ అయిన రోజు నుంచి నా కింది పెదవి కుడి సగం, గడ్డం మొద్దుబారిపోయాయి. అన్నం మెతుకు గడ్డం మీద అంటుకున్నా తెలిసేది కాదు, చాయ్ తాగితే కారేది. నరం తెగలేదు, నలిగింది, నెలలు పడుతుంది అన్నారు. ఆరు వారాలు నమలడం లేదు, దవడ విరిగే ప్రమాదం ఆ రోజుల్లోనే ఎక్కువ. మే ఎండల్లో రాగి జావ, చల్ల, మెత్తగా గుజ్జు చేసిన పప్పన్నం, మామిడి రసం, ఇవే. ఏడు కిలోలు తగ్గాను. బడులు తెరిచాక మొదటి రోజుల్లో ‘ప’, ‘బ’ పలకడానికి పెదవి సరిగా అతికేది కాదు, మూడు నెలలకు సర్దుకుంది.

తీసిన తిత్తిని మళ్లీ పాథాలజీకి పంపారు. కొంత భాగంలో పొర మామూలు నోటి పొరలా మారిందని, కొంత భాగంలో ఇంకా ఓకేసీ లక్షణాలే ఉన్నాయని రిపోర్టు వచ్చింది. గొట్టంతోనే తగ్గిపోతున్నది కదా, ఆపరేషన్ ఎందుకు అని నన్నడిగిన వాళ్లకు నేను ఆ రెండో వాక్యమే చూపిస్తున్నాను.

ఖర్చు సంగతి. ఆస్పత్రి బిల్లు 88,000, దానికి ముందు స్కానులు, బయాప్సీ, గొట్టం, సెలైన్, రాకపోకలు కలిపి ఇంకో నలభై వేల దాకా అయ్యాయి. ప్రభుత్వ ఉద్యోగిని కనుక రీయింబర్స్‌మెంట్‌కు డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు, వైద్యం అవసరమేనని డాక్టరిచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, ఈ డబ్బు ముందు తీసుకోలేదన్న నాన్‌డ్రాయల్ సర్టిఫికెట్, అపెండిక్స్-2 ఫారం అన్నీ పెట్టాను. ఫైలు మీద “పళ్ల వైద్యం” అని రాసి కొర్రీ వేసి తిప్పి పంపారు. డిశ్చార్జి సమ్మరీలో “పన్ను తీసివేత” అన్న మాట ముందు వరుసలో ఉండడమే దానికి కారణం. ఆస్పత్రికి మళ్లీ వెళ్లి, దవడ ఎముక తిత్తి తొలగింపు అన్నది మొదట వచ్చేలా రాయించి, రెండు బయాప్సీ రిపోర్టులూ జతచేశాక ఫైలు కదిలింది. చాలా నెలల తరువాత అడ్మిషన్ రోజుల బిల్లులో కొంత వచ్చింది, బయట చేయించుకున్న పరీక్షలకు ఏమీ రాలేదు. ఇంకా ఆస్పత్రిలో ఉండగానే సమ్మరీలోని మొదటి వరుస చదువుకోండి, ఇంటికి వచ్చాక దాన్ని మార్పించడం చాలా తిప్పలు.

2025 జూన్‌లో తీసిన ఓపీజీలో కుడి దవడ చాలావరకు నిండింది, పైభాగంలో మాత్రం కొంచెం పలుచగా ఉంది. పెదవి కింద చిటికెన వేలి గోరంత చోట ఇప్పటికీ స్పర్శ లేదు. ఇవి మళ్లీ వస్తే ఎక్కువగా మొదటి ఐదేళ్లలోనే వస్తాయట, పదేళ్ల తరువాత వచ్చినవాళ్లూ ఉన్నారట. అందుకని రెండేళ్లు ఆరునెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి ఎక్స్‌రే తప్పదు. ప్రతిసారీ ఒకే సెంటర్లో తీయిస్తే పోల్చడం తేలిక అని డాక్టరు అంటారు. సీబీసీటీ సీడీ రెండేళ్లకే గీతలు పడి తెరుచుకోలేదు, అదృష్టవశాత్తు మా ఆయన ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టాడు. తీసేసిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ గురించి అడిగితే, ఎక్స్‌రేలు ఇంకొంతకాలం శుభ్రంగా వచ్చాక మాట్లాడదాం అన్నారు. తరువాతి ఓపీజీని 2025 డిసెంబరుకు పెట్టారు.